ఎత్తు అడిగే ముందు దిక్కు అడగండి

కిందటి మే నెలలో ఓ శుక్రవారం. జుమా నమాజు ముగించుకుని కాచిగూడలోని ఇంటికి వచ్చేసరికి మా తమ్ముడి కొడుకు రంగురంగుల పుస్తకమొకటి చేతబట్టుకుని దాలాన్‌లో కూర్చుని ఉన్నాడు. నగరానికి పడమటి దిక్కున లేస్తున్న నలభై అంతస్తుల భవనం తాలూకు పుస్తకమది. ఏ పుట తిప్పినా అద్దాల గోపురాలు, వాటి కింద ఆకుపచ్చ అక్షరాలతో 'పర్యావరణ హిత గృహాలు' అన్న మాట.

"బడే అబ్బా, 31వ అంతస్తులో మూడు ఫ్లాట్లు మాట్లాడాను. ఈ ఇల్లు అమ్మితే ముగ్గురన్నదమ్ములకీ తలా ఒకటి వస్తుంది. మీరు ఒక్కసారి చూసి సరేనంటే బయానా ఇచ్చేద్దాం" అన్నాడు.

మంచం మీద తస్బీహ్ తిప్పుకుంటున్న మా అమ్మకు ఎనభై దాటాయి. ఆమె ఒకే ఒక మాట అడిగింది: "కరెంటు పోతే అంత ఎత్తున గాలెక్కడి నుంచి వస్తుంది బేటా?"

"జనరేటర్ ఉంటుంది దాదీమా" అన్నాడు వాడు. ఆమె మరి మాట్లాడలేదు.

ఆదివారం వెళ్ళి చూశాం. మాకు ఇస్తామన్న ఫ్లాట్ల వరసలోనే కింద ఒక నమూనా ఫ్లాటు సిద్ధం చేసి ఉంచారు. చూస్తుండగానే అస్ర్ వేళయింది. "ఖిబ్లా ఎటు?" అని అడిగితే అక్కడి కుర్రవాడు ఫోనులో చూసి హాలు గోడ చూపించాడు. అది గోడ కాదు, నేల నుంచి పైకప్పు దాకా ఒకే అద్దం. "పడమర సార్. సన్‌సెట్ వ్యూ. ఇటు వైపు ఫ్లాట్లకే రేటెక్కువ" అన్నాడు సంతోషంగా. జానమాజు పరచి నిలబడ్డాం. ఏసీ జోరుగా తిరుగుతోంది. అయినా ఎండ ముఖాన కొట్టింది. సజ్దాకు వంగితే నుదురు ఆనిన నేల కూడా వెచ్చగా ఉంది.

ఆ సజ్దాలో తగిలిన వేడి మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. తెలిసినవారిని అడిగాం, దొరికినది చదివాం. ఇలాంటి నిర్ణయం ముందు నిలబడిన కుటుంబాలు మనలో అనేకం ఉన్నాయి. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఎత్తు తప్పా?

ఎత్తయిన కట్టడాలలో పోటీపడటం అంతిమ ఘడియ సూచనల్లో ఒకటని హదీసులో వచ్చింది కదా, మరి ఇలాంటి భవనాల్లో ఉండవచ్చా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. అక్కడ మాట పోటీ గురించి, గర్వం గురించి అని మేము చదువుకున్నాం. తలదాచుకునే చోటు గురించి కాదు. ఒక ఎకరంలో రెండు వందల కుటుంబాలు ఉండగలిగితే ఆ మేరకు పొలాలూ చెరువులూ మిగులుతాయి. పనిచేసే చోటికి దగ్గరగా ఉంటే పెట్రోలు ఆదా అవుతుంది. ఇవి కాదనలేని మేళ్ళు. చూడవలసిందల్లా ఆ ఎత్తున బతకడానికి ఎంత వృథా చేస్తున్నామన్నదే. వుజూ నీళ్ళలో సైతం ఇస్రాఫ్ వద్దని నేర్చుకున్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

మా చిన్నతనంలో ఆబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్‌లలో పదీ పన్నెండు అంతస్తుల భవనమంటేనే వింత. గగన్‌విహార్ ముందు, బాబూఖాన్ ఎస్టేట్ ముందు నిలబడి మెడలు నొప్పెట్టేదాకా అంతస్తులు లెక్కపెట్టేవాళ్ళం. 2006లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం స్థలాన్ని బట్టి ఇంతే నిర్మాణం ఉండాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని హైదరాబాద్‌లో ఎత్తివేసింది. తరువాత నగరం పైకి పెరిగిన తీరు మనం చూస్తున్నదే. ఇప్పుడు పడమటి శివార్లలో యాభై అంతస్తులు దాటిన కట్టడాలు కూడా లేచాయి.

పాత ఇల్లు చెప్పే పాఠం

మా తాతగారు కట్టించిన ఇంట్లో గోడలు అడుగున్నర మందం. డంగుసున్నంతో కట్టిన రాయి. పగటి ఎండ ఆ మందం దాటి లోపలికి వచ్చేలోగా సాయంత్రం అవుతుంది, అప్పటికి బయట చల్లగాలి మొదలవుతుంది. మధ్యలో ఆంగన్, అందులో వేపచెట్టు. గదుల్లో పైకప్పు దగ్గర రోషన్‌దాన్లు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి వాటి గుండా వెళ్ళిపోతుంది, దాని చోటికి ఆంగన్ నీడలోని గాలి వస్తుంది. ఎండ ముదిరితే గుమ్మాలకు ఖస్ తడకలు కట్టి నీళ్ళు చల్లేవారు. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని పట్టుకుపోతుంది. కరెంటు బిల్లు లేని ఏసీ అది.

ఇంటికి దగ్గరలోనే ఉన్న కాచిగూడ రైల్వే స్టేషన్‌ను చూడండి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1916లో పూర్తయిన కట్టడం. గుమ్మటాలు, మీనార్ల అందం అందరూ చెబుతారు. ఎత్తయిన కప్పు, దళసరి గోడలు, లోతైన వరండాల సంగతి ఎవరూ చెప్పరు. 2017-18లో దక్షిణ మధ్య రైల్వే ఈ స్టేషన్‌ను దేశంలోని ఏ1 తరగతి స్టేషన్లలో తొలి విద్యుత్ పొదుపు స్టేషన్‌గా ప్రకటించింది. అందుకోసం గోడలు కూల్చలేదు. పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు, తక్కువ కరెంటుతో తిరిగే పంకాలు, పరికరాలు అమర్చారు. నూరేళ్ళ కిందట కట్టినవారు నీడను లెక్కలోకి తీసుకోబట్టి మిగిలిన పని సులువైంది.

అయితే ఈ పాఠాన్ని నలభై అంతస్తులకు ఎలా ఎక్కించాలి? అక్కడ ఆంగన్ లేదు, వేపచెట్టు నీడ మూడో అంతస్తు దాటదు.

ఎండ ఎటు నుంచి కొడుతుంది?

ఒకటి రెండు అంతస్తుల ఇంటికి ప్రధాన శత్రువు పైకప్పు మీది ఎండ. హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడ పడదు. ఆ ఎండంతా మిద్దె మీదే. కానీ నలభై అంతస్తుల భవనంలో పైకప్పు వేడి తగిలేది చివరి అంతస్తు వారికే. మిగిలిన ముప్పై తొమ్మిది అంతస్తులకూ వేడి వచ్చేది గోడల నుంచి, కిటికీల నుంచి. ఎత్తు పెరిగేకొద్దీ కట్టడానికి గోడే మిద్దె అవుతుంది.

నాలుగు గోడలూ ఒకటి కావు. మన ప్రాంతంలో ఉత్తరపు గోడకు ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ తగలదు. దక్షిణపు ఎండ ఎత్తు నుంచి వస్తుంది కాబట్టి రెండడుగుల సజ్జా దాన్ని చాలావరకు ఆపుతుంది. తూర్పు, పడమరల సంగతే వేరు. అక్కడ సూర్యుడు కిందికి దిగి కిటికీలోకి సూటిగా చూస్తాడు. సజ్జా ఎంత పొడుగు పెట్టినా ఆగడు. పడమటి ఎండ తగిలేది గాలీ గోడా అప్పటికే కాగి ఉన్న వేళ.

హైదరాబాద్ నుంచి ఖిబ్లా ఖచ్చితంగా పడమర కాదు, పడమర నుంచి సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి. మే నెల నడుమ సాయంత్రం ఐదు గంటలకు, అంటే హనఫీ లెక్కన అస్ర్ వేళకు, సూర్యుడు ఉండేది కూడా దాదాపు సరిగ్గా ఆ దిక్కునే. కాబట్టి ఇంట్లో ఖిబ్లా గోడ ఏదో తెలిసిన ప్రతి ముస్లిమ్ కుటుంబానికీ ఎండ గోడ ఏదో తెలిసినట్టే. ఆ గోడను అద్దంతో నింపితే ఏమవుతుంది? మామూలు అద్దం తన మీద పడిన ఎండ వేడిలో దాదాపు 80 శాతాన్ని లోపలికి వదులుతుంది. మంచి పూత వేసిన అద్దం పావు వంతుకు తగ్గించగలదు. నీడలో ఉన్న గోడకు ఆ ఖర్చే అక్కరలేదు.

ఢాకా నుంచి షికాగో దాకా

ఆకాశహర్మ్యాల మాట వచ్చినప్పుడు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్‌ను తలచుకోకపోతే అన్యాయం. 1929లో ఢాకాలో పుట్టి, అమెరికా వెళ్ళి చదివిన ఇంజనీరు. భవనం ఎంత ఎత్తయితే గాలి దాన్ని అంత బలంగా తోస్తుంది. దాన్ని ఆపడానికి లోపల ఉక్కు నింపుకుంటూ పోవడం పాత పద్ధతి. ఖాన్ సాహెబ్ బలాన్ని బయటి గోడల్లో పెట్టి భవనాన్ని నిలబెట్టిన గొట్టంలా తయారుచేశారు. బోలుగా ఉన్న వెదురు గాలికి నిలబడటం మనకు తెలిసిందే. 1931 నాటి ఎంపైర్ స్టేట్ బిల్డింగులో చదరపు మీటరుకు 206 కిలోల ఉక్కు పట్టింది. 1969-70లో షికాగోలో ఖాన్ కట్టించిన వంద అంతస్తుల జాన్ హాంకాక్ సెంటరుకు 145 కిలోలే సరిపోయింది. ఆ తరువాత 110 అంతస్తుల సియర్స్ టవరుకూ ఇదే సూత్రం. ఉక్కు, సిమెంటు తయారీలో కాలే బొగ్గును తలచుకుంటే, కట్టేటప్పుడు చేసిన పొదుపు కూడా పర్యావరణ సేవేనని అర్థమవుతుంది.

నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయలుదేరి జెద్దాలో దిగిన మన హాజీలు ఎందరో ఆయన చేతి నీడలో కూర్చున్నవారే. 1981లో ప్రారంభమైన జెద్దా హజ్ టెర్మినల్ గుడారాల కప్పు రూపకల్పనలో ఆయనది ప్రధాన పాత్ర. తెల్లని బట్ట ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, గుడారాల శిఖరాల్లోని రంధ్రాల నుంచి వేడిగాలి పైకి పోతుంది, నాలుగు పక్కలా తెరిచి ఉంటుంది. అంతటి ఎడారిలో ఆ విశాలమైన చోటును ఏసీలతో నింపకుండా నీడతో, గాలితో నిభాయించారు. 1983లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. అప్పటికి ఖాన్ సాహెబ్ లేరు. 1982లో జెద్దాలోనే కన్నుమూశారు.

గోపురాలకు జాలీలు

అదే జెద్దాలో 1983లో నేషనల్ కమర్షియల్ బ్యాంకు 27 అంతస్తుల ముక్కోణపు భవనం పూర్తయింది. వాస్తుశిల్పి గార్డన్ బన్‌షాఫ్ట్. బయటి నుంచి చూస్తే దాదాపు కిటికీలే లేని రాతి గోడలు. వాటి మధ్య అంతస్తుల ఎత్తున పెద్ద పెద్ద ఖాళీలు. కిటికీలన్నీ ఆ ఖాళీల లోపలి నీడలోకి తెరుచుకుంటాయి. మన ఆంగన్‌ను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటుంది.

మలేసియాలో కెన్ యాంగ్ 1992లో కట్టిన మెనారా మెసినియాగా పదిహేను అంతస్తులది. ఆయన చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. లిఫ్టులు, మెట్లు, మరుగుదొడ్లు భవనం మధ్యలో పెట్టకుండా ఎండ తగిలే తూర్పు పక్కన పెట్టారు. మనుషులు కూర్చునే చోటికి అవి అడ్డుగోడ అయ్యాయి. లిఫ్టు ముందు వసారాకూ మెట్లకూ సహజమైన వెలుతురు, గాలి దొరికాయి. పడమటి కిటికీలకు బయట నుంచి ఎండ పలకలు బిగించారు. పైసా ఎక్కువ పెట్టకుండా నక్షాలో గదుల చోటు మార్చడం వల్లే సగం పని జరిగింది.

అబూధాబీలో 2012లో పూర్తయిన అల్ బహ్ర్ జంట గోపురాలు అద్దాలవే. కానీ అద్దానికి బయట మన జాలీ లాంటి మష్రబియా తొడిగారు. ఒక్కో గోపురానికి వెయ్యికి పైగా గొడుగులు. ఎండ ఎటు తిరిగితే అటువైపువి విచ్చుకుంటాయి, ఎండ పోగానే ముడుచుకుంటాయి. లోపలికి వచ్చే ఎండ వేడి సగానికి పైగా తగ్గేలా రూపకల్పన చేశారు. నీడ అద్దానికి బయట ఉండాలన్నది ఇక్కడి కీలకం. లోపల పరదా వేస్తే అప్పటికే వేడి ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.

మన ఊళ్ళోనూ ఉంది

హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న నాటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలామ్ ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినమ్ గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. అది ఆకాశహర్మ్యం కాదు, పొట్టి కట్టడం. మధ్యలో గుండ్రని ఆంగన్, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే రెండు గాలి గోపురాలు, సగానికి పైగా పైకప్పు మీద పచ్చిక. వాడిన నీటిని మొక్కల వేళ్ళతోనే శుభ్రం చేసి తోటకు పారిస్తారు. ప్రపంచం మెచ్చిన ఆ కొత్తదనంలో చాలా భాగం మన నానమ్మల ఇళ్ళలో ఉన్నదే!

చట్టమూ కొంత ముందుకు వచ్చింది. 2018 డిసెంబరులో కేంద్రం 'ఎకో నివాస్ సంహిత' పేరుతో నివాస భవనాలకు ఒక కొలత ప్రకటించింది. గోడలు, కిటికీల గుండా లోపలికి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు. దీన్నే ఆర్‌ఈటీవీ అంటారు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు, వాణిజ్య భవనాలకు ఎండను తిప్పికొట్టే కప్పు తప్పనిసరి చేసింది. కానీ మనం చూసినట్టు, గోపురాల్లో పైకప్పు వంతు చిన్నది. అసలు పరీక్ష గోడ దగ్గరే.

లెక్క వేసి చూద్దాం

చాలామంది ఎత్తు భవనంలో కరెంటంతా లిఫ్టులకూ నీళ్ళ మోటార్లకూ పోతుందనుకుంటారు. వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, మోటారులో పోయే నష్టం కలుపుకుని, సుమారు అర యూనిట్ చాలు. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే సుమారు పది యూనిట్లు. అంటే ఒక పడక గదిలోని ఒక్క ఏసీ ఒక్క రాత్రి తినే కరెంటుతో ఇరవై వేల లీటర్లు, నాలుగు పెద్ద ట్యాంకర్ల నీటిని వంద మీటర్ల పైకి పంపవచ్చు. దొంగ మోటారు గదిలో లేడు, పడమటి గోడలో ఉన్నాడు.

"పైన సోలారు పెడుతున్నాం" అన్న మాటనూ లెక్క కట్టాలి. వెయ్యి చదరపు మీటర్ల పైకప్పు మొత్తం పరిచినా వంద కిలోవాట్లు, రోజుకు సుమారు 400 యూనిట్లు. 240 ఫ్లాట్లు ఉంటే ఒక్కొక్కరి వాటా రెండు యూనిట్ల లోపే. మెట్ల దీపాలకు, మోటార్లకు అది మేలే. దానితో అద్దాల గోడల పాపం కడగలేం.

బయానాకు ముందు

పాఠక సోదరులు, ముఖ్యంగా సోదరీమణులు, ఈ ప్రశ్నలు రాసి పెట్టుకోవాలని మా మనవి. రోజంతా ఇంట్లో ఉండి ఆ వేడిని భరించేది ఎక్కువగా మీరే.

1. భవనం పొడుగు వైపు ఎటు? ఉత్తర దక్షిణాలకు ఉంటే మంచిది. హజ్ నుంచి తెచ్చుకున్న ఖిబ్లా దిక్సూచి జేబులో పెట్టుకుని వెళ్ళండి.

2. పడమటి గోడలో ఏముంది? లోతైన బాల్కనీ, స్నానాల గది, మెట్లు ఉంటే సరే. పడక గదికి నిలువెత్తు అద్దం ఉంటే ఆలోచించండి.

3. గోడ దేనితో కట్టారు? పలచని కాంక్రీటు గోడ వేడిని తొందరగా లోపలికి పంపుతుంది. ఏఏసీ బ్లాకుల గోడ చాలా నయం.

4. కిటికీ ఎంత మేర తెరుచుకుంటుంది? ఎదురుగా మరో కిటికీ ఉందా? వచ్చిన గాలికి పోయే దారి లేకపోతే అది లోపలికి రాదు.

5. భవనం ఆర్‌ఈటీవీ ఎంత? పదిహేను లోపే అని కాగితం మీద చూపించగలరా?

6. 'గ్రీన్' ముద్ర తుదిదా, ముందస్తుదా? నక్షా చూసి ఇచ్చే ప్రీ-సర్టిఫికెట్ వేరు, కట్టాక పరీక్షించి ఇచ్చే గుర్తింపు వేరు.

మా అబ్బాయి ఈ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. మొదటి చోట ఐదో ప్రశ్నకు జవాబు దొరకలేదు. మరో చోట తొమ్మిదో అంతస్తులో ఉత్తర దక్షిణాలకు తెరుచుకునే ఫ్లాటు చూశాడు. సూర్యాస్తమయం కనబడదు కాబట్టి ధర తక్కువట! జూన్‌లో ఓ సాయంత్రం అమ్మను అక్కడికి తీసుకెళ్ళాం. ఆమె కోరితే లైట్లు, పంకాలు అన్నీ ఆపి రెండు వైపులా కిటికీలు తెరిచాం. కుర్చీలో అరగంట కూర్చుంది. నైరుతి గాలికి దుపట్టా కొంగు కదులుతూనే ఉంది.

"ఇక్కడైతే ఊపిరి ఆడుతుంది" అంది చివరకు. కాచిగూడ ఇంటి అమ్మకం సంగతి ఇంకా తేలలేదు. వేపచెట్టును వదిలి రావడానికి ఆమెకు మనసొప్పడం లేదు, మాకూ అంతే. కానీ వెళ్ళవలసి వస్తే ఎక్కడికి వెళ్ళాలో ఇప్పుడు తెలుసు. భవనం మంచి చెడ్డలు ఇంజనీరు పరికరాల కంటే ముందు ముసలితల్లి ఊపిరి చెబుతుంది. కరెంటు ఆపి ఓ అరగంట ఆమెను అక్కడ కూర్చోబెట్టండి. ఆ తరువాతే బయానా ఇవ్వండి.